సూర్యాపేటను చూడాలంటే బస్సు దిగాలి

హైదరాబాదు నుంచి విజయవాడకు సాగే 65వ నంబరు జాతీయ రహదారి, పాతతరం వారు ఇప్పటికీ తొమ్మిదో నంబరు రోడ్డుగానే పిలుచుకునే దారి, దాదాపు సగానికి చేరినచోట సూర్యాపేట ఉంది కాబట్టి, ఈ పట్టణాన్ని చూశామని చెప్పేవారు తెలుగునాట లక్షల్లోనే ఉంటారు గానీ, వారిలో చాలామంది చూసింది రోడ్డు పక్కన ఒక హోటలు, దాని ముందు వరుసకట్టిన బస్సులు, డ్రైవరు హారన్ కొట్టేలోపు గబగబా తాగిన చాయ్ మాత్రమే. సంక్రాంతికి ఊళ్లకు వెళ్లే కార్లు పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్ల దగ్గర బారులు తీరినప్పుడు పత్రికలన్నీ ఈ దారి గురించి రాస్తాయి. దారి మధ్యనున్న ఊరి గురించి రాసేది తక్కువ. రోడ్డు పెంచిన పట్టణాలకు ఈ తిప్పలు తప్పవు: వచ్చేపోయేవారికి కొదవ ఉండదు, నిలబడి చూసేవారు దొరకరు.

భానుపురి అని కూడా పిలిచే ఈ పట్టణం చాలాకాలం నల్లగొండ జిల్లాలో ఒక తాలూకా కేంద్రంగా ఉండి, 2016 అక్టోబరు 11న తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు జిల్లా కేంద్రమైంది. రైలు పట్టాలు లేకుండానే ఇంత పెరిగిన పట్టణం ఇది. రైలెక్కాలంటే నేటికీ నల్లగొండకో, మిర్యాలగూడకో, ఖమ్మానికో, జనగామకో పోవలసిందే. దక్షిణాన నాగార్జునసాగర్ ఎడమ కాలువ, పడమట సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టు, తరువాతి కాలంలో ఉత్తరాన తుంగతుర్తి, తిరుమలగిరి మెట్టభూములకు చేరిన గోదావరి నీళ్లు పండించిన ధాన్యంలో పెద్ద భాగం అమ్మకానికి చేరేది ఇక్కడికే. పట్టణం ఎలా బతుకుతున్నదో తెలుసుకోదలచిన కొత్తవారికి ఏ విగ్రహం కన్నా ముందు చూపవలసినది వ్యవసాయ మార్కెట్ యార్డు.

పంట కాలంలో యార్డు నిండా వడ్ల రాశులు పోసి ఉంటాయి. ఖరీదుదారు, అంటే రాశికి ధర కట్టి కొనే వ్యాపారి, ఒక్కో రాశి దగ్గర ఆగి గుప్పెడు గింజలు తీసి, అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊది, బియ్యపు గింజ విరిగిందా నిలిచిందా చూస్తాడు. తాలు ఎంత, తేమ ఎంత అన్న మాటలు అక్కడే మొదలవుతాయి, రైతు ముఖం కూడా అక్కడే మారుతుంది. ఆ తరువాత హమాలీలు బస్తాలు నింపి కాంటా పెడతారు, తూకమూ ధరా రాసిన తక్‌పట్టీ అనే చీటీ రైతు చేతికి వస్తుంది. ఈ చీటీ మీద అంకె బాగుంటే ఆ సాయంత్రం బట్టల దుకాణాల్లోనూ బంగారం దుకాణాల్లోనూ సందడి కనిపిస్తుంది, బాగాలేకపోతే రైతులు రాస్తారోకోకు దిగుతారు, అప్పుడు మాత్రం హైదరాబాదు బస్సుల్లోని ప్రయాణికులకు ఈ ఊరి సంగతి తెలిసివస్తుంది.

పట్టణంలోపల చూడదగ్గవి ఎక్కువేమీ లేవని ఒప్పుకోవలసిందే. కోర్టు చౌరస్తాలో కర్నల్ సంతోష్‌బాబు విగ్రహం ఉంది. ఈ ఊరి బిడ్డ అయిన ఆయన బిహార్ రెజిమెంటు 16వ బెటాలియన్ దళాధిపతిగా 2020 జూన్ 15న గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ప్రాణాలు విడిచారు. సద్దుల చెరువు కట్టను సాయంత్రపు నడకకు వీలుగా మలిచారు. మిగిలినదంతా తెలంగాణలోని ఏ జిల్లా కేంద్రంలోనైనా కనిపించే ఫ్లెక్సీలు, కోచింగ్ సెంటర్లు, ఆస్పత్రుల బోర్డులే.

అసలు సంపద ఊరి అంచుల్లో ఉంది. రహదారికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని పిల్లలమర్రి గ్రామంలో, కాకతీయులకు సామంతులుగా, అంటే వారికి లోబడి కప్పం కట్టి సొంత సీమను పాలించుకున్న ప్రభువులుగా ఉన్న రేచర్ల రెడ్లు కట్టించిన శివాలయాలు ఉన్నాయి. నామిరెడ్డి కట్టించిన నామేశ్వరాలయం 1202 నాటిది కాగా, బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ 1208లో కట్టించిన ఎరకేశ్వరాలయం ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఒక స్త్రీ పేరును నిలబెట్టుకొని ఉంది. రాజులూ సేనానులూ కట్టించిన గుళ్ల జాబితాలో ఇటువంటి పేరు ఎదురైనప్పుడు చరిత్ర విద్యార్థి కాసేపు ఆగక తప్పదు. ఒకే మండపానికి మూడు దిక్కుల మూడు గర్భగుళ్లు అమర్చిన త్రికూటాలయం కూడా ఇక్కడే ఉంది. నల్లరాతి స్తంభాలను ఎంత నునుపుగా చెక్కారంటే, వాటిపై పడిన వెలుగు అద్దంపై పడినట్టే మెరుస్తుంది; నామేశ్వరాలయంలో క్షీరసాగర మథనాన్ని చిత్రించిన పాత రంగుల ఆనవాళ్లు వెలిసిపోతూనైనా కనిపిస్తాయి. శృంగార శాకుంతలం, జైమినీ భారతం రచించిన పిల్లలమర్రి పినవీరభద్రుని ఇంటిపేరు ఈ ఊరి నుంచి వచ్చినదేనని చెబుతారు. ఇన్ని ఉన్నా, మామూలు రోజున గుడి ఆవరణలో కనిపించేది పూజారీ, ఊరివాళ్లు నలుగురూ మాత్రమే.

దురాజ్‌పల్లి పెద్దగట్టు సంగతి వేరు. రెండేళ్లకొకసారి మాఘమాసంలో లింగమంతుల స్వామికి జరిగే ఈ జాతర తెలంగాణలో మేడారం తరువాత అంతటి పెద్దదని పేరుపొందింది; యాదవులు ముందుండి నడిపే ఈ వేడుకకు జనం గజ్జెల లాగులు, భేరీ మోతలు, ‘ఓ లింగా’ అన్న కేకలతో గుట్టకు చేరుకుంటారు. గట్టు జాతీయ రహదారిని ఆనుకొనే ఉండడం వల్ల, జాతర రోజుల్లో హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే వాహనాలను పోలీసులు నార్కట్‌పల్లి దగ్గరే నల్లగొండ, మిర్యాలగూడ వైపు మళ్లిస్తారు. ఏడాది పొడవునా రోడ్డుకు ఊరు దారిస్తుంది, ఆ నాలుగైదు రోజులు మాత్రం ఊరికి రోడ్డు దారి ఇవ్వవలసి వస్తుంది. 2025 ఫిబ్రవరిలోనూ ఇదే జరిగింది.

జనగామ దారిలో తిరుమలగిరి చేరకముందే వచ్చే ఫణిగిరి గుట్ట మీద బౌద్ధ స్తూపం, అంటే బుద్ధుని లేదా ఆయన శిష్యుల అవశేషాలపై కట్టే అర్ధగోళాకారపు కట్టడం, దాని చుట్టూ భిక్షువులు నివసించిన విహారాల పునాదులు తవ్వకాల్లో బయటపడ్డాయి. ఇక్కడి తోరణపు శిల్పాలు, అంటే స్తూప ప్రాంగణ ద్వారానికి అడ్డంగా అమర్చిన చెక్కడపు రాతి దూలాలు, 2023లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి భారతీయ బౌద్ధకళా ప్రదర్శనలో చోటు చేసుకున్నాయి. మరుసటి ఏడాది ఇదే గుట్టపై ఒక మట్టికుండలో ఇక్ష్వాకుల కాలపు 3,730 సీసపు నాణేలు దొరికాయి. న్యూయార్కులో టిక్కెట్టు కొని చూసినవారిలో కొందరికైనా ఫణిగిరి పేరు గుర్తుండి ఉంటుంది. సూర్యాపేట బస్టాండులో అడిగితే దారి చెప్పగలిగేవారి కోసం మాత్రం వెతకాలి.

ఇంగ్లండులో లండనుకు పడమట, బాత్ పట్టణానికి పోయే పాత గుర్రపుబండ్ల దారిలో ఒక మజిలీగా పెరిగిన రెడింగ్ పట్టణం ఇక్కడ పోలికకు పనికివస్తుంది, పైగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల వల్ల తెలుగు కుటుంబాలకు తెలిసిన ఊరే అది. ఆ దేశంలో ‘సిటీ’ అన్నది జనాభాను బట్టి రాదు, రాజు లేదా రాణి అనుగ్రహించే హోదా. రెడింగ్ ఎన్నిసార్లు దరఖాస్తు పెట్టుకున్నా, 2022లో కూడా అది దక్కలేదు. అయినా మొదటి హెన్రీ రాజు 1121లో స్థాపించిన మఠం శిథిలాలు కూలే స్థితికి వస్తే మూసివేసి, బాగుచేయించి, 2018లో మళ్లీ తెరిచి, రాజును పాతిపెట్టినది ఈ మఠంలోనేనని వచ్చినవారికి వివరంగా చెప్పుకుంటున్నది. ఇంగ్లండువారి ప్రతి పనినీ మెచ్చుకోవలసిన అవసరం లేదు, ఆ మఠాన్ని పదహారో శతాబ్దంలో పాడుబెట్టించిందీ వారి రాజే. హోదా రాని ఊరు తన కథ తాను చెప్పుకోగలిగింది, జిల్లా హోదా వచ్చి ఇన్నేళ్లయినా సూర్యాపేట ఆ పని మొదలుపెట్టలేదు అన్నంతవరకే ఈ పోలిక.

దీనికి కోట్ల రూపాయల పథకం అక్కర్లేదు. హైటెక్ బస్టాండులో పిల్లలమర్రి, పెద్దగట్టు, ఫణిగిరి దారులు చూపే పటం ఒకటి, ఆ ఊళ్లకు బస్సులు బయలుదేరే వేళలు తెలుగులో పెద్దక్షరాలతో రాసిన బోర్డు ఒకటి, సెలవురోజుల్లో పిల్లలమర్రికి పోయివచ్చే ఒక బస్సు చాలు. పురపాలక సంఘం, ఆర్టీసీ, పర్యాటక శాఖ కలిసి కూర్చుంటే నెల రోజుల్లో అయ్యే పని ఇది. వచ్చే పెద్దగట్టు జాతరకు ముందే ఆ బోర్డు పెట్టించాలి.