అయ్యవారూ, దీన్ని తెలుగులో చెప్పండి



సాయంత్రం పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు నడిచి వస్తూ బంగారు దుకాణాల ప్రకటనలు చదవడం నాకొక వ్యసనం. ముప్పైయారేళ్ళు పిల్లల వ్రాతపుస్తకాలు దిద్దినవాణ్ణి గనుక తప్పుల కోసమే చూస్తాను. అక్కడ తప్పులు తక్కువే. తరుగు, మజూరీ, తులం, కాసు: ఒక్కటీ అర్థంకాని మాట లేదు. బంగారం అమ్మేవారికి తెలుగు దివ్యంగా వచ్చు. దాన్ని తవ్వేవేళ మాత్రం ఆ తెలుగు ఏమైపోతుందో తెలియదు. ఈ టపా దాని గురించే.

రాయలసీమలో రైతుగా ఉన్న నా పూర్వ విద్యార్థి ఒకడు, కొడుకును అమీర్‌పేటలో కంప్యూటర్ శిక్షణలో చేర్చడానికి వచ్చి మా ఇంటికీ వచ్చాడు. సంచిలోనుంచి కొన్ని కాగితాలు తీశాడు. వాళ్ళ ప్రాంతంలో ఒక గనికి సంబంధించిన పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం అది. "అయ్యవారూ, దీన్ని తెలుగులో చెప్పండి" అన్నాడు. చూస్తే అది తెలుగే! కనీసం లిపి తెలుగు. భార లోహాలు, ఉపశమన చర్యలు, బఫర్ జోన్... రెండు పుటలు చదివి నేనే కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. వాడు పదో తరగతి నా దగ్గరే చదివాడు. వాడికి తెలుగు రాదనడానికి నాకు నోరెలా వస్తుంది?

2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం సారాంశం ఆంగ్లంలోనూ స్థానిక భాషలోనూ ఉండాలి. పూర్తి నివేదిక స్థానిక భాషలో ఉండాలన్న నియమం లేదు. దాన్ని వ్రాసే సలహాదారుకు డబ్బిచ్చేది గని పెట్టదలచినవారే. సభకు ముప్పై రోజుల ముందు పత్రికలో ప్రకటన వేయాలి. ఇంతమంది రావాలన్న కనీస సంఖ్య మాత్రం అక్కరలేదు. ఆ సభకు మన అధికార తెలుగులో 'ప్రజాభిప్రాయ సేకరణ' అని పేరు. రైతు భూమి తీసుకోవడానికీ అదే మాట: భూసేకరణ. ఆంగ్లంలో ఆ సభ పేరులో వినడం అనే అర్థం ఉంది. తెలుగులోకి వచ్చేసరికి వినేవాడు పోయి ఏరుకునేవాడు మిగిలాడు.

చదవనిదే పోయేదేమిటంటారా? ఈనాటి గనుల్లో టన్ను రాయికి ఒకటి రెండు గ్రాముల బంగారం వచ్చినా తవ్వుతారు. తక్కినదంతా సైనైడు నీళ్ళలో నానిన రాతిపిండి బురద. కుప్పానికి పొరుగునున్న కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. బంగారం ఊరు దాటిపోయింది. సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నుల వ్యర్థం 13 దిబ్బలుగా అక్కడే మిగిలింది. ఇది తరుగు కాదా? ఏ దుకాణం బిల్లులో వేశారు దీన్ని?

ఇప్పుడు మన జొన్నగిరి. కర్నూలు జిల్లా తుగ్గలి మండలం. 2013లో ఒక ప్రైవేటు సంస్థకు అక్కడ బంగారు గని లీజు దక్కింది. ఆ సంస్థను నేను తప్పుపట్టడం లేదు, నా తగవు నియమంతో. జొన్నగిరే అశోకుని సువర్ణగిరి అని కొందరు చరిత్రకారులు భావిస్తారు. దగ్గరలోని ఎర్రగుడి శాసనంలో చక్రవర్తి తన ఆజ్ఞను భేరి మోగించి జనపదంలో చాటమన్నాడు. ఆ శాసనంలో కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికీ, కొన్ని కుడినుంచి ఎడమకూ సాగుతాయి. (మన సారాంశాలు ఎటునుంచి చదివినా ఒక్కటే.) అది ప్రాకృతం కదా, తెలుగా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. అందుకే గదా చాటమన్నది, చెక్కి ఊరుకోలేదు. చిత్రమేమిటంటే 2006 ప్రకటనలోనూ పత్రికలు చేరని చోట డప్పు వేయించమని ఉంది. సభ ఉందని డప్పు చెబుతుంది. నూతిలో నీళ్ళు ఏమవుతాయో చెప్పే నివేదిక ఆంగ్లంలో ఉంటుంది!

సాంకేతిక పదాలు తెలుగులో లేవన్నది పాత సాకు. ఆర్సెనిక్ బంగారపు రాతితో తరచు కలిసి ఉంటుంది. మన వైద్యులు దాన్ని పాషాణం అన్నారు. 'భార లోహాలు' అంటే తలూపే రైతు 'పాషాణం' అంటే లేచి నిలబడతాడు. ఆ నిలబడడం ఇష్టంలేకనే ఆ మాట వ్రాయరేమో! ఖర్చంటారా, 2020 జూన్ 30న ఢిల్లీ హైకోర్టు పర్యావరణ ముసాయిదాను 22 భాషల్లోకి అనువదించమంటే, కేంద్రం అనువాదం మాని సుప్రీంకోర్టుకు వెళ్ళింది. వకీళ్ళకు ఫీజు ఉంది, అనువాదకుడికి లేదు.

లేఖినిలో అక్షరం అక్షరం కొట్టి కంప్యూటరుకు తెలుగు నేర్పినవాళ్ళం మనం. నా శిష్యుడి కాగితాలు ఇక్కడే ఉన్నాయి. మూడు పుటలు తిరగరాశాను. పూర్తి నివేదిక కలెక్టరు కార్యాలయంలో చూడవచ్చునట. వాడు వెళ్ళి కావలసిన భాగాలు వ్రాసుకు వస్తానన్నాడు. రాతిపిండి బురదను నిలవచేసే చెరువుకు గని కూలీలు వాడే మాటేదో నాకు తట్టడం లేదు. కోలారు, హట్టి, రామగిరి వైపు మిత్రులెవరికైనా తెలిస్తే వ్యాఖ్యలో వ్రాయగలరు.