తీరిక గంటలో అంతరిక్ష నౌక

మాది ప్రొద్దుటూరు. శిక్షణల పని మీద జమ్మలమడుగు, పులివెందుల తిరుగుతుంటాను. రాత్రిళ్లు గిన్నెలు కడిగాక కంప్యూటర్ ఆటల కోసం అంతరిక్ష నౌకల నమూనాలు చేస్తాను. డబ్బు రాదు, సరదా. ఇంట్లో "ఇదేమన్నా కూడు పెడ్తాదా?" అంటారు. మన సమావేశాల్లో "దీనివల్ల స్త్రీలకేం ఉపయోగం?" అంటారు. రెండూ ఒకే ప్రశ్న.

కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే ఆట 2011లో వచ్చింది. రాకెట్లు కట్టి ఎగరేయాలి. మనం చేసిన భాగాలు కూడా అందులో చేర్చుకోవచ్చు. వాటి నమూనాలు చేయడానికి బ్లెండర్ చాలు. 2002 నుంచి అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, పైసా ఖర్చు లేదు. చిన్న చిన్న పలకలతో నౌకను కట్టాక, రంగులద్దడానికి దాని పైతొడుగును విప్పి బల్లపరుపుగా పరవాలి, కుట్లు విప్పిన రవికలాగా. ఎక్కడ విప్పాలో పెట్టే గుర్తును అందులో 'సీమ్' అనే అంటారు, అంటే కుట్టు! రవిక కత్తిరించడం వచ్చిన మనిషికి ఇది ఇంజనీరింగ్ కుర్రాడికన్నా ముందే అర్థమవుతుంది.

ఆ ఆటలో 2015 దాకా ఒక్క స్త్రీ వ్యోమగామి లేదు. వాలెంతీనా తెరిష్కోవా 1963లోనే రోదసికి వెళ్లొచ్చింది. ఊహాలోకంలోనూ మనం ఆలస్యంగానే అడుగుపెట్టాం.

2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి చాకిరీ చేసేవాళ్లలో స్త్రీ రోజుకు 299 నిమిషాలు, పురుషుడు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఇంటర్నెట్ ఒక్కసారైనా వాడిన స్త్రీలు మన రాష్ట్రంలో నూటికి 21 మందే. మగపిల్లవాడు అర్ధరాత్రి దాకా ఆటలాడితే విసుక్కుంటారు, అంతే. ఆడపిల్ల కూర్చుంటే "ఎవరితో మాట్లాడుతున్నావు?" అని ఫోను లాక్కుంటారు.

మరి మనం? కుట్టు మిషను, టాలీ, డేటా ఎంట్రీ. ఉపాధి వద్దనను, నా జీతమూ వాటిమీదే. కానీ శిక్షణ అయిపోగానే కంప్యూటర్ల గదికి తాళం వేస్తున్నాం. నమూనాలు చేస్తే రేపు ఆటల కంపెనీల్లో ఉద్యోగాలొస్తాయని చెప్పి మిమ్మల్ని ఒప్పించడం తేలికే. అలా ఒప్పించను. మగవాడి సరదాకు సంజాయిషీ అడగని లోకం మన సరదాకు మాత్రం ఎందుకు అడగాలి?

వారానికో సాయంత్రం ఆ గది తెరవండి. ఏం నేర్చుకున్నావని అడగొద్దు, రిపోర్టు రాయించొద్దు. నిధులిచ్చేవాళ్లకు ఏ పద్దు కింద చూపాలంటారా? 'తీరిక' అనే రాయండి. యంత్రాలు పాతవైనా ఫర్వాలేదు, బ్లెండర్ పాత రూపాలు ఇప్పటికీ దొరుకుతాయి.