దీపానికొక కన్ను

సాయంకాలపు వెలుతురు సన్నగిల్లగానే భవానీపూర్‌లోని మా మేడమెట్ల మీది దీపం తనంతట తానే వెలిగేది. స్విచ్చి నొక్కే పని లేదు. గత శీతకాలంలో దానికొక వింత జబ్బు పట్టుకొన్నది. వెలిగిన మరుక్షణమే ఆరేది. ఆరిన మరుక్షణమే వెలిగేది. పై అంతస్తులో డెబ్బయి ఏళ్లు దాటిన బెంగాలీ ఇల్లాలు ఒకరున్నారు. అందరం ఆమెను ‘మాసీమా’ అంటాము. ఆ మిణుకులలో మెట్టు కానరాక జారిపడి, ఆమె మణికట్టు విరగగొట్టుకొన్నారు.

ఆ దీపాన్ని నడిపేది బఠాణీ గింజంత పరికరం. పేరు ఎల్.డి.ఆర్. అంటే కాంతిని బట్టి మారే విద్యున్నిరోధకం. దాని ముఖాన మెలికలు తిరిగిన సన్నని పట్టీయే కాడ్మియం సల్ఫైడు. చీకటిలో ఈ పదార్థపు ఎలక్ట్రానులు పరమాణువులను అంటిపెట్టుకొని ఉంటాయి. అందుచేత విద్యుత్తు సులభంగా ప్రవహించదు. నిరోధం 10 లక్షల ఓములకు చేరవచ్చు. గట్టి వెలుతురు సోకితే ఎలక్ట్రానులు విడివడతాయి. నిరోధం కొన్ని వందల ఓములకు పడిపోతుంది. ఈ తేడాను ట్రాన్సిస్టరు పసిగట్టి, రిలే ద్వారా దీపాన్ని వెలిగిస్తుంది, ఆర్పుతుంది.

ఈ గుణం మొదట సెలీనియంలో బయటపడింది. సముద్రగర్భ తంతి తీగలను పరీక్షించడానికి సెలీనియం కడ్డీలు వాడుతున్న ఆంగ్ల ఇంజనీరు విలోబీ స్మిత్, 1873లో ఈ సంగతి ప్రకటించాడు. మా నగరానికీ ఈ కథలో భాగమున్నది. ఇక్కడి ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యులు జగదీశ్ చంద్ర బోసు గలీనా స్ఫటికంతో నిర్మించిన సాధనం రేడియో తరంగాలనే గాక కాంతిని కూడా గుర్తించేది. దానికి 1904లో అమెరికా పేటెంటు లభించింది.

మరి మా దీపానికి వచ్చిన జబ్బేమిటి? ఎలక్ట్రీషియను చూసి నవ్వాడు. ఎదుటి గోడకు కొత్తగా సున్నం కొట్టారు. దీపపు వెలుగు ఆ తెల్లని గోడను తాకి, తిరిగి ఆ చిన్ని కంటి మీదనే పడుతున్నది. తన వెలుగునే చూసి తెల్లవారిందనుకొని దీపం ఆరిపోతున్నది! అతడు ఆ కంటిని కిటికీ వైపు, ఆకాశం కనబడేలా తిప్పి, చుట్టూ నల్లని గొట్టం తొడిగాడు. మెరుగైన దీపాలలో వెలిగే హద్దు, ఆరే హద్దు వేరువేరుగా ఉంటాయి. కొంత ఆలస్యం కూడా కల్పిస్తారు. కనుక మెరుపుకూ కారు దీపాలకూ అవి మోసపోవు.

మీ ఇంట ఇటువంటి దీపముంటే, పగలు దాని కంటికి నల్లగుడ్డ కప్పి చూడండి. వెలగాలి. రాత్రి వెలిగాక కాసేపు నిలిచి చూడండి. ఆరకూడదు.

కట్టు విప్పిన సాయంత్రం మాసీమా నెమ్మదిగా మెట్లు దిగివచ్చారు. దీపం వంక చూసి, “దీనికిప్పుడైనా బుద్ధి వచ్చిందా?” అని అడిగారు.

దీపం స్థిరంగా వెలుగుతూనే ఉన్నది.