ఎవరికి మేలు? ముందే అడగాల్సిన ప్రశ్న

ఏ పథకం మీద పరిశోధన జరిగినా వార్తల్లోకెక్కేది ఒక్క సగటే. ఆ మేలు ఏజెన్సీ బడికి అందిందా, చదువులో వెనకబడ్డ పిల్లకు అందిందా అని అడిగితే చాలాసార్లు జవాబు ఉండదు. బడులను ఎంపిక చేసిన రోజునే ఆ జవాబు దొరికే దారి మూసుకుపోయి ఉంటుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైన ప్రయోగమే చూడండి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 5 జిల్లాల్లో 50 మండలాలు, మండలానికి 10 చొప్పున 500 ప్రభుత్వ ప్రాథమిక బడులు తీసుకున్నారు. పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్. లాటరీ తీసింది పిల్లలకు కాదు, బడులకు. ఒకే పంతులు దగ్గర చదివే పిల్లల్లో సగం మందికే బోనస్ లెక్క వర్తింపజేయడం కుదరదు కదా. ప్రతి మండలంలో 2 బడులకు ఏ టీచరు బోనస్ ఆ టీచరుకే, మరో 2 బడులకు ఉమ్మడిగా. వేరే సాయం అందిన బడులు పోను, ఏమీ ఇవ్వనివి 2. రెండేళ్లకు బోనస్ బడుల పిల్లలు మెరుగయ్యారు. అంతకన్నా విలువైన సంగతి ఇంకొకటి తేలింది: మొదటి ఏడాది సమానంగా కనిపించిన రెండు పద్ధతుల్లో, రెండో ఏడాది విడి బోనస్ ముందుకెళ్లింది. ముందే రెండు జట్లు కట్టారు కాబట్టే అది కనిపించింది.

ఇక్కడ లెక్క కాస్త కఠినం. ఒక బడి పిల్లలంతా ఒకే పంతులు, ఒకే ఊరి ప్రభావంలో ఉంటారు. మార్కుల్లోని తేడాల్లో ఐదో వంతు బడుల మధ్య తేడా వల్లే అనుకుంటే, బడికి 20 మందిని పరీక్షించినా వాళ్లు విడివిడిగా ఎంచిన నలుగురితో సమానం. వంద మందిని పరీక్షిస్తే? ఐదుగురు కూడా కారు! అందుకే ఏకోపాధ్యాయ బడికీ ఇతర బడులకూ ఫలితం వేరా అని తెలియాలంటే బడులే పెంచాలి. రెండు రకాలూ సగం సగం ఉన్నా, సగటు ఫలితమంత తేడాను పట్టుకోవడానికి సుమారు నాలుగింతల బడులు కావాలి. ఆడపిల్లలకూ మగపిల్లలకూ మధ్య తేడా అయితే వేరు. బడి మంచిచెడ్డలు ఇద్దరికీ ఒకటే కనుక అవి చాలావరకు కొట్టుకుపోతాయి; బడికి మరికొందరు పిల్లలను చేర్చినా పని జరుగుతుంది.

ఈ ఆలోచన లేకుండా మొదలుపెట్టి, చివర్లో కులం, లింగం, జిల్లా అంటూ డేటాను ఇరవై ముక్కలు చేస్తే, నిజంగా తేడా లేకపోయినా ఏదో ఒక ముక్కలో అది కనిపించే అవకాశమే ఎక్కువ. దాన్ని నమ్మి జీవో ఇవ్వడం పిల్లలకు అన్యాయం.

విద్యాశాఖ తలపెట్టే ప్రతి ప్రయోగంలోనూ ఎవరెవరి మధ్య తేడా తెలుసుకోవాలో లాటరీకి ముందే రాసి బయటపెట్టాలి. ఏజెన్సీ బడులు తక్కువే కాబట్టి వాటిని కావాలనే ఎక్కువగా తీసుకుని, వాటిలో విడిగా లాటరీ తీయాలి. రాష్ట్రం మొత్తానికి సగటు కట్టేటప్పుడు వాటి అసలు వంతు మేరకే లెక్కలో చేరిస్తే ఆ సగటూ చెడదు.