రాత్రిపూట తాళం చెవి ఎక్కడుంటది?

 

పోయిన వానాకాలం ఒక రాత్రి మన డార్మిటరీ కరెంటు బోర్డులో వైరు కాలిన సంగతి మీకు యాదికుండే ఉంటది. లైట్లు పోయినయి. పొగ వాసన వచ్చింది. అందరం లేచి గ్రిల్ గేటు దగ్గరికి ఉరికినం. గేటుకు తాళం! "తాతా, తాతా" అని మొత్తుకున్నం. వంటగది వెనక పడుకున్న వాచ్‌మెన్ తాత లేచి, చీకట్లో చెవుల గుత్తి దేవులాడి, వచ్చి తాళం తీసేసరికి మా పానం పోయినంత పనైంది. అదృష్టం బాగుండి మంట దానంతట అదే ఆరింది. ఎవరికీ ఏమీ కాలేదు. పొద్దున టిఫిన్ కాడ ఆ ముచ్చట చెప్పుకొని నవ్వుకున్నం కూడా. కాని ఐదో తరగతి తమ్ముడొకడు గ్రిల్ పట్టుకొని ఏడ్చిన ఏడుపు నేను మరిచిపోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

తాళం వద్దని నేను అనడం లేదు. దొంగల భయం ఉన్నది. రాత్రి గోడ దూకి సినిమాకు పోయే వీరులు మనలోనే ఉన్నరు, అబద్ధం ఎందుకు! మన అమ్మానాయనలు మనల్ని సార్ల చేతిలో పెట్టి తండాలకు పోయిండ్రు. కాబట్టి సార్లు తాళం వేయడం న్యాయమే. నేను అడిగేది ఒక్కటే. ఆపద వస్తే ఆ తాళం ఎవరు తీస్తరు? ఎంతసేపట్ల తీస్తరు?

మా తండాలో కొట్టం అంటుకుంటే ముందు నీళ్లకు ఉరకరు. ముందు పశువుల పలుపులు కోస్తరు. కట్టేసి ఉన్న జీవం తనంత తాను తప్పించుకోలేదని చదువు రాని మా అవ్వకు కూడా తెలుసు. లోపల తాళంలో ఉన్న మన సంగతి కూడా అంతే కదా!

తమిళనాడులోని కుంభకోణంలో 2004 జూలై 16న ఒక బడిలో వంటగది నిప్పు పైకప్పుకు అంటుకొని 94 మంది పిల్లలు చనిపోయిండ్రు. దిగడానికి ఉన్న మెట్లు ఇరుకు. ఆ ఘోరం తర్వాత వేసిన కేసులో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. ప్రతి బడిలో మంటలార్పే పరికరాలు ఉండాలి, వాటిని వాడడం, పిల్లల్ని బయటికి పంపడం టీచర్లకు, సిబ్బందికి నేర్పాలి అన్నది.

అంత దూరం ఎందుకు? మన మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర 2014 జూలై 24 పొద్దున కాపలా లేని రైలు గేటు కాడ స్కూలు బస్సును రైలు గుద్దింది. పదిహేను మందికి పైగా పిల్లలు పోయిండ్రు. దేశంలో పెద్ద లైన్ల మీద కాపలా లేని గేట్లన్నీ తీసేసే సరికి 2019 జనవరి వచ్చింది.

చూసిండ్రా? రెండుచోట్లా ముందు పిల్లలు పోయిండ్రు, తర్వాత జాగ్రత్త వచ్చింది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లు! మనకు ఆ రాత్రి ఉత్త పొగతోనే పాఠం వచ్చింది. దాన్ని వదులుకోవద్దు.

ఇందుకు పైసలు పెద్దగా కావు. సార్లకు నా మనవి:

1. తాళం చెవులు రెండు ఉండాలి. ఒకటి వాచ్‌మెన్ తాత దగ్గర, ఇంకోటి డార్మిటరీలోనే పడుకునే డ్యూటీ సార్ దగ్గర. తాత మంచం గేటు పక్కనే వేయాలి.

2. నెలకొకసారి, అదీ రాత్రిపూట, గంట కొట్టి అందరినీ బయటికి పంపి చూడాలి. వేపచెట్టు కింద తరగతి వారీగా లెక్క చూడాలి. ఎవరు తక్కువైనా వెంటనే తెలుస్తది.

3. వరండాలో ఎర్ర సిలిండర్ వేలాడుతున్నది. పిన్ను లాగి, మంట మొదట్లో కొట్టాలని మనలో ఎందరికి తెలుసు? ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతయి. మెదక్ ఫైర్ స్టేషన్ వాళ్లను పిలిచి మనతోనే చేయించాలి.

4. గేటు దగ్గర పెద్ద అక్షరాలతో 101 ఫైర్, 108 అంబులెన్స్, 112 అన్ని ఆపదలకు అని రాయాలి. రాత్రి ఫోన్ అందుబాటులో ఉంచాలి.

ఇక మన వంతు! మన ట్రంకు పెట్టెలు నడిచే దారిలో అడ్డంగా ఉంటయి. ఆ రాత్రి ఇద్దరు వాటికే తట్టుకొని పడ్డరు. ఈ రోజే మంచాల కిందికి తోయండి. కరెంటు మంట మీద నీళ్లు పోయకండి, షాక్ కొడుతది. ముందు మెయిన్ బంద్ చేయించాలి. పొగ ఉంటే వంగి, నేలకు దగ్గరగా పోవాలి. పెద్ద తరగతి అన్నలు ఒక్కొక్కరు ఇద్దరు చిన్న తమ్ముళ్ల పేర్లు రాసుకోండి. గంట మోగితే వాళ్ల చేతులు పట్టుకొనే బయటికి రావాలి. ఆ ఏడ్చిన తమ్ముడి పేరు నా దాంట్లో రాసుకున్న.

నేను తప్పు రాసి ఉంటే సార్లు క్షమించగలరు. కాని రాత్రి తాళం వేసేటప్పుడు చెవి ఎక్కడుంటదో ఒక్కసారి మాకు చూపించగలరు.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థి