తెర మీది చారలు



ఈ రోజులలో పల్లె సంఘములలో కూడ ఒక పాత కంప్యూటరు ఉంటున్నది. ఆదివారము పాటలు చూపుటకు, బాప్తిస్మపు రిజిస్టరు, కానుకల లెక్కలు వ్రాసికొనుటకు అదే ఆధారము. అది చెడితే ఏమి చేయవలెనో వ్రాయుమని కొందరు సేవకులు అడిగారు. కనుక ఈ నెల మాకు జరిగిన సంగతే వ్రాస్తున్నాము.

గత వర్షాకాలములో రేపల్లెలోని మా కార్యాలయపు కంప్యూటరుకు వింత జబ్బు పట్టుకొన్నది. వెలిగించిన గంటకు తెర నిండ ఆకుపచ్చ, గులాబి చారలు వచ్చేవి. బేత్సయిదా గ్రుడ్డివానికి మొదట మనుష్యులు చెట్లవలె కనబడినట్లు, మాకు రిజిస్టరులోని పేర్లన్నియు పుల్లలవలె కనబడినవి. పాట మాత్రము స్పీకరులో ఆగకుండ వినబడుతూనే ఉన్నది. ఆ వారమే కుమార్తె పెండ్లికి బాప్తిస్మపు పత్రము కావలెనని ఒక తల్లి వచ్చినది. తెర చూచి, "మా పిల్ల పేరు పోయిందా అయ్యగారూ?" అని కన్నీళ్లు పెట్టుకొన్నది. పేరు పోలేదమ్మా, పేర్లుండేది హార్డ్ డిస్కులో, ఈ కార్డు వాటిని తెర మీద గీసి చూపునది మాత్రమే అని చెప్పాము.

మొదట మానిటరు, కేబులు మార్చి చూశాము. చారలు అట్లే ఉన్నవి. ఆపి మరల వెలిగిస్తే, విండోస్ రాకముందే, కంపెనీ పేరు కనబడునప్పుడే చారలు వచ్చినవి. కనుక సాఫ్ట్‌వేరు మరల ఎక్కించి ప్రయోజనము లేదు. తరువాత కార్డును తీసివేసి, కేబులును మదర్‌బోర్డుకున్న సాకెట్టుకే తగిలించగా బొమ్మ తేటగా వచ్చినది. ఆ తల్లికి పత్రము ఆ పూటే ముద్రించి ఇచ్చాము. అయితే ఆ సాకెట్టు ఒక్కటే. ఆదివారము పాటలు నడుపు పిల్లవానికి ఒక తెర, సంఘమునకు ప్రొజెక్టరు, రెండును కావలెను గనుక కార్డు తప్పదు.

బాపట్ల తీసికొని వెళ్లాము. అక్కడ షాపులో రెండు దినములు నడిపినా ఒక్క చార లేదు! ఇంటికి తెచ్చి పెట్టగానే గంటలో మరల చారలు. రెండవసారియు అంతే. కార్డు అరిగిపోయినది, క్రొత్తది కొనండి అన్నారు. కొనుటకు ఉన్నది స్త్రీల సమాజము గుప్పెడు బియ్యము కూర్చి పెట్టిన డబ్బు. దానిని ఊరికే తీయుటకు మాకు మనస్సొప్పలేదు. కార్యాలయములోనే ఏదో ఉన్నదని ఒక పెద్దాయన ప్రార్థన పెట్టించుమన్నారు. ప్రార్థన చేశాము, తెనాలి రైలు కూడ ఎక్కాము.

తెనాలి మెకానిక్కు మూత విప్పకముందే, "మీ దగ్గర డబ్బా నిలబెడతారా, పడుకోబెడతారా?" అని అడిగాడు. అంతకుముందు ఎవరును అడగని ప్రశ్న అది. షాపులలో డబ్బాను బల్ల మీద పడుకోబెడతారు, అప్పుడు కార్డు స్లాటులో నిటారుగా నిలుస్తుంది. మా దగ్గర డబ్బా నిలబడి ఉంటుంది, అప్పుడు ఫ్యానులతో బరువైన కార్డు అడ్డముగా వ్రేలాడుతుంది. మా కార్డుకు బిగించు స్క్రూ లేదు, స్లాటు చివరి క్లిప్పు విరిగి ఉన్నది. ఆ స్లాటులో రెండు ప్రక్కల కలిపి 164 చిన్న స్పర్శలున్నవి. కార్డు వేడెక్కి రవ్వంత సాగగానే కొన్ని వదలిపోయేవి. అతడు డబ్బాను నిలబెట్టి గంట నడిపి చారలు చూపాడు. పడుకోబెట్టి మరల వెలిగించగా లేవు. సముద్రపు గాలికి మసకబారిన అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, స్క్రూ బిగించి, క్రింద చిన్న ఆనిక పెట్టాడు.

ప్రతి చారకు ఇదే కారణము కాదు. చిప్పు క్రింది టంకము వేడికి పగులుట కూడ కలదు. 2008 జూలైలో ఎన్విడియా కంపెనీ ల్యాప్‌టాప్ చిప్పుల లోపమునకు 15 నుండి 20 కోట్ల డాలర్ల ఖర్చు ప్రకటించవలసి వచ్చినది. అట్టి కార్డును పొయ్యిలో కాల్చి బ్రతికించువారున్నారు. అది కొద్ది దినముల ముచ్చటే, వంటింట అట్టి పొగ వద్దు.

మీరు విప్పదలచితే ప్లగ్గు తీసి కాసేపు ఆగండి, డబ్బా ఇనుమును తాకి తరువాత కార్డును పట్టుకోండి. కరెంటు వచ్చు పవర్ సప్లయి పెట్టెను మాత్రము ఎన్నడును విప్పవద్దు, ప్లగ్గు తీసినా లోపల విద్యుత్తు నిలిచి ఉంటుంది.

మేమిప్పుడు రిజిస్టరు ప్రతి ఒకటి పెన్‌డ్రైవులో ఎక్కించి బాపట్లలో ఒక పెద్ద ఇంట ఉంచాము. పుస్తకములో సిరాతో వ్రాయుట కూడ మానలేదు.