మాట్లాడని పిల్లవాడికి మందెందుకు?

“మావాడు బాగానే చదువుతాడు డాక్టరుగారూ, నలుగురిలో కలవడు. టానిక్కు ఏదైనా రాయండి” అని అడిగే తల్లిదండ్రులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. మితంగా మాట్లాడటం వ్యాధి కాదు. దానికి మందు లేదు, అవసరమూ లేదు.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు స్వభావాన్ని ప్రధానంగా ఐదు గుణాలుగా పరిశీలిస్తారు: బహిర్ముఖత్వం, కర్తవ్యనిష్ఠ, సౌమనస్యం, కొత్త విషయాలపై ఆసక్తి, ఆందోళన చెందే తత్వం. ఇవన్నీ ప్రతి మనిషిలోనూ ఎంతో కొంత ఉంటాయి.

వీటిలో చదువుకు ఎక్కువగా తోడ్పడేది కర్తవ్యనిష్ఠ. అంటే ఏ రోజు పాఠం ఆ రోజు చదవడం, మొదలుపెట్టిన పనిని పూర్తిచేయడం. ఆర్థర్ పోరోపాట్ అనే పరిశోధకుడు 2009లో, మొత్తం 70,000కు పైగా విద్యార్థులపై జరిగిన అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించి ఇదే తేల్చాడు. ఈ గుణ ప్రభావం చాలావరకు తెలివితేటలతో నిమిత్తం లేనిదని కూడా గమనించాడు. అయితే సంబంధం ఒక మోస్తరుదే; స్వభావాన్ని చూసి ర్యాంకు చెప్పగలమనుకోవడం జాతకం చెప్పడం వంటిదే. కలుపుగోలుతనానికీ మార్కులకూ మాత్రం చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు.

స్నేహాల సంగతి వేరు. బెర్లిన్‌లో 132 మంది కొత్త విద్యార్థులను 18 నెలలపాటు గమనించి 1998లో ప్రచురించిన అధ్యయనంలో, బిడియస్థుల స్నేహవలయం నెమ్మదిగా పెరిగింది. స్వభావం స్నేహాలను ప్రభావితం చేసిందిగాని, స్నేహాలు స్వభావాన్ని మార్చినట్లు తేలలేదు. కనుక బలవంతంగా పదిమందిలోకి నెడితే బిడియం పోతుందన్న నమ్మకానికి ఆధారం బలహీనం. ఒకరిద్దరు ఆప్తమిత్రులున్న పిల్లవాడి గురించి బెంగపడనక్కరలేదని నా అభిప్రాయం.

నేను భయపడేది మరొక మౌనానికి. చిన్ననాటి నుంచీ ఉన్న మౌనం స్వభావం. నిన్నమొన్న వచ్చినది లక్షణం. ఇంటర్మీడియట్ హాస్టలులో చేరిన పిల్ల ఫోనులో ముక్తసరిగా మాట్లాడుతూ, నిద్ర, ఆకలి తగ్గి, ఇష్టమైన ఆటపాటలు మానేసి, ఉన్న స్నేహితులకూ దూరమైతే “దానికి చదువే లోకం” అని మురిసిపోకూడదు. రెండు వారాలుగా ఇదే పరిస్థితి ఉంటే మానసిక వైద్యునికి చూపించాలి. “చచ్చిపోవాలనుంది” అన్న మాట వినబడితే ఒక్కరోజైనా ఆగరాదు, ఒంటరిగా వదలరాదు, పరీక్షలు అయ్యేదాకా చూద్దామనరాదు. ప్రభుత్వ టెలి మానస్ సహాయ సంఖ్య 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.